జలీల్ సార్ తెలుగు నేర్చుకున్న ఏడాది

పోయిన ఏడాది ఆరుద్ర కార్తెలో, ఆకాశంలో మబ్బు తునక కూడా లేని ఒక మధ్యాహ్నం, వికారాబాద్‌లో మా ఇంటి తలుపు ఒక అమ్మాయి తట్టింది. గుల్బర్గా నుంచి పొద్దుటి రైల్లో వచ్చానని చెప్పింది. పేరు సబిహా. నాకు తాండూరు బడిలో భూగోళం చెప్పిన జలీల్ సార్‌కు మునిమనుమరాలట. ఇంటికి రంగులు వేయించడానికి సామాను బయట పెడుతుంటే ఒక పాత పెట్టె అడుగున నోటుబుక్కు దొరికింది. దానిలో నేనెప్పుడో ఆయనకు రాసిన పోస్టుకార్డు ఉంది. ఆ కార్డు మీది ఊరు పట్టుకుని, నేను పనిచేసిన బడిలో అడిగి, నా దాకా వచ్చింది. నోటుబుక్కు నిండా ఉర్దూ అక్షరాలు. "అక్షరాలు మావే గాని మాటలు మావి కావు" అంది సబిహా హిందీలో. ఆమెకు తెలుగు రాదు, నాకు ఉర్దూ చదవడం రాదు. అందుకని ఆమె ఒక్కొక్క మాటే కూడబలుక్కుని పైకి చదివింది, నేను విన్నాను. నెలపొడుపు. వరదగుడి. పొద్దుగూకుడు. తొలకరి. ముసురు. ప్రతి మాట పక్కనా ఒకే పేరు రాసి ఉందట. "యే ఎల్లవ్వ కౌన్ హై?" అని అడిగింది. ఇంట్లో ఎవరిని అడిగినా ఎల్లవ్వ ఎవరో తెలియదన్నారట.

ఎల్లవ్వ మా అవ్వ, అంటే మా నాయనకు తల్లి. ఆమెకు చదువు రాదు. గొర్రెల మంద, ఉన్ని, ఆకాశం, ఇంతే ఆమె లోకం. ఆమె పేరు ఒక పుస్తకంలో రాసి ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. డెబ్బై ఏళ్ల కింద ఆమె నోట విన్న మాటలు, వాటి అర్థం తెలియని ఒక పిల్ల నోట మళ్లీ వింటుంటే ప్రతి మాటా ఇంకోసారి చదవమన్నాను. తర్వాత సాయంత్రం రైలు వేళ దాకా చెబుతూనే ఉన్నాను. ఆ పిల్లకు హిందీలో చెప్పింది ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

మాది తాండూరు చివర, బండల గనులకు పోయే బాట పక్కన ఇల్లు. మేం కురుమలం. ఇంటికి గోడలు, నేల, అరుగు అన్నీ తాండూరు బండలే. ఎండాకాలం మధ్యాహ్నం ఆ నేల మీద బోర్లా పడుకుంటే పొట్ట చల్లబడేది. ఇంటి వాసన అంటే నాకిప్పటికీ తడిసిన ఉన్ని, గొర్రెల పెంట, జొన్నరొట్టె మాడిన వాసన, వాటన్నిటి మీద గనుల వైపు నుంచి గాలికి వచ్చే సున్నపురాతి దుమ్ము. అవ్వ కోడి కూయకముందే లేచేది. మొహం కడుక్కోకముందే వాకిట్లో నిలబడి నాలుగు దిక్కులూ చూసేది. ముక్కుతో గాలి పీల్చి, నోట్లో ఏదో నమిలినట్టు నమిలి, ఒకే ఒక మాట చెప్పేది. "ఇయ్యాల పడమటి దిక్కు పోకుండ్రి" అనో, "మబ్బు ఉత్తదే, పోండ్రి" అనో. నాయన మారు మాట్లాడకుండా మందను ఆ మాట ప్రకారమే తోలుకుపోయేవాడు. మా అమ్మ రొట్టెలు మూటగట్టి ఇచ్చేది. అవ్వ మాట తప్పిన రోజులు కూడా ఉన్నాయి. అప్పుడు ఆమె సాయంత్రం ఎవరూ అడగకుండానే "నేనే సరింగ సూడలె" అని ఒప్పుకునేది.

నేను బడికి పోవడం ఒక ప్రమాదం వల్ల జరిగింది. ఆరేళ్లప్పుడు గని దగ్గర పేర్చిన బండ జారి నా కాలి మీద పడింది. ఎముక అతుక్కుంది గాని మంద వెంట నడవడానికి చాలా కాలం పనికిరాలేదు. "ఇంట్ల కూసుండి ఏం జేస్తది, బళ్లె కూసుంటది" అని అవ్వ నన్ను బడిలో వేయించింది. మా వాళ్లలో బడికి పోయిన మొదటి ఆడపిల్లను నేను. నాలుగో తరగతికి వచ్చేసరికి కాలు బాగయింది. నడక బాగయిన కొద్దీ నాయన నా వైపు చూసే చూపు మారింది. "ఐదు అయినంక చాలు. మందకు మనిషి గావాలె" అన్నాడు. నాకు బడి ఇష్టమని పైకి చెప్పే ధైర్యం లేదు. కాలు నొప్పి లేకపోయినా అప్పుడప్పుడు కుంటుతూ నడిచేదాన్ని.

ఆ రోజుల్లోనే మా బడి ఉర్దూలోంచి తెలుగులోకి మారింది. నిజాం రాజ్యం పోయి కొన్నేళ్లయింది. పిల్లలకు ఇది పండుగ, సార్లలో కొందరికి గండం. జలీల్ సార్ గుల్బర్గా మనిషి. ఇంట్లో ఉర్దూ, బజారులో కన్నడం. పెళ్లాం పిల్లలు గుల్బర్గాలో ఉంటే ఆయన తాండూరులో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాడు. రోజూ అదే నల్ల షేర్వాణీ, మోచేతుల దగ్గర వెలిసిపోయినది. భూగోళాన్ని ఆయన జుగ్రాఫియా అనేవాడు, ఆ మాట అనేటప్పుడు ఆయన కళ్లు మెరిసేవి. కొత్తగా వచ్చిన హుకుం ప్రకారం ఆయన ఏడాది లోపల తెలుగులో పాఠం చెప్పి చూపాలి, రాత పరీక్షా గట్టెక్కాలి. లేకపోతే నౌకరీ ఉండదు. ఆయనకు వచ్చిన తెలుగు కూరగాయలు కొనడానికి సరిపోయేంత.

మొదటి రోజు నల్లబల్ల ముందు నిలబడి, ఎంతో కష్టపడి కూర్చుకున్న వాక్యం ఒకటి చెప్పాడు. "భూమి తిరుగుతది." దోమ అనే ఊరి నుంచి వచ్చి మేనమామ ఇంట్లో ఉండి చదువుకునే ఒక పిల్లవాడు లేచి, "మా భూమి దోమ కాడుంది సార్. అది యాడికీ పోలె" అన్నాడు. తరగతంతా నవ్వింది. మాకు భూమి అంటే చేను, పట్టా, హద్దురాళ్లు. సార్‌కు ముందు అర్థం కాలేదు. మేం ఎందుకు నవ్వామో అడిగి తెలుసుకుని, "మా జమీన్ గూడ గంతే బేటా" అని ఆయనా నవ్వాడు. కానీ ఆ సాయంత్రం బడి వదిలాక ఆయన తల చేతుల్లో పెట్టుకుని ఒంటరిగా కూర్చుని ఉండడం కిటికీలోంచి చూశాను.

ఆయనకూ అవ్వకూ పరిచయం చేసింది చంద్రుడే. ఎండాకాలం, రంజాన్ నెల మొదలు కావాలి. పొద్దు గూకినాక సార్ మా ఇంటి పక్క దిబ్బ మీద నిలబడి పడమటి వైపు చూస్తున్నాడు. కళ్లద్దాలు తీసి తుడిచి, పెట్టుకుని, మళ్లీ తీసి తుడుస్తున్నాడు. మందను దొడ్లోకి తోలుతున్న అవ్వ ఆయన అవస్థ చూసింది.

"ఏం దేవులాడుతున్నవు సారూ?"

"చాంద్, అవ్వా. కనిపిస్తలేదు."

అవ్వ చేతిలోని కర్ర ఎత్తి చూపింది. "అగో, గా తుమ్మ కొమ్మ మీదికెల్లి సూడు. జర కింద. సన్నగ, ఎంటికె లెక్క. నెల పొడిసింది."

ఆయన చాలాసేపు చూశాడు. దొరికింది. చేతులు రెండూ మొహం ముందు పట్టుకుని దువా చేసుకున్నాడు. అవ్వ కూడా చేతులు జోడించింది. ఇద్దరూ ఒకే దాన్ని చూసి ఎవరి మొక్కు వారు మొక్కుకున్నారు. తర్వాత ఆయన అడిగాడు. "నెల అంటే మహీనా కదా అవ్వా? నువ్వు చంద్రున్ని నెల అన్నవు."

"రెండూ గదే. గది పొడిస్తె నెల మొదలు, గది పోతె నెల అయిపాయె. ఇంకేం ఉన్నది?"

సార్ మొహం వెలిగిపోయింది. ఫార్సీలో కూడా మాహ్ అంటే చంద్రుడు, మాహ్ అంటేనే నెల అని మాకు చెప్పాడు. అవ్వ పుట్టిల్లు సేడం దిక్కు, ఆమెకు కన్నడం వచ్చు. తెలుగులో అందని చోట ఇద్దరూ కన్నడంలోకి దిగేవాళ్లు. మరునాడు ఆయన ఒక నోటుబుక్కు పట్టుకుని మా అరుగు మీదికి వచ్చాడు. ఆ నెలంతా ఉపవాసం విప్పే వేళకు ముందు వచ్చి కూర్చుని మాటలు రాసుకునేవాడు. అవ్వ చెబుతూ ఉన్ని వడికేది. ఒకనాడు ఖర్జూరపు పళ్లు తెచ్చాడు. అవ్వ ఒకటి తిని, గింజ కొంగున ముడివేసి, "ఇది మొలుస్తదా?" అని అడిగింది.

ఆయన రాసుకోవడమే కాదు, బదులు చెప్పేవాడు కూడా. కార్తెల గురించి అవ్వ వరసగా చెబితే, సూర్యుడు ఏ చుక్కల దగ్గర ఉన్నట్టు కనిపిస్తే ఆ కార్తె అంటారని, తిరిగేది సూర్యుడు కాదు మనమేనని ఆయన నిమ్మకాయ, దీపపు బుడ్డీ పెట్టి చూపాడు. అవ్వ నిమ్మకాయను అటూ ఇటూ తిప్పి చూసి, "ఉండొచ్చు. రైల్ల కూసుంటె చెట్లు ఉరికినట్టు గొడ్తది గద" అంది. ఆమెకు తన నమ్మకాల మీద పట్టుదల లేదు. ఏది కొత్తగా చెప్పినా ముందు తను చూసిన దానితో సరిపోల్చుకునేది.

ఒకసారి సార్ మా వాకిట్లో పరిచిన బండ ముందు కూర్చుండిపోయాడు. దాని మీద అలలు అలలుగా గీతలున్నాయి. నీళ్లు ఇసుకను తాకి వెనక్కి పోతే ఏర్పడే గీతలవి. "అవ్వా, ఇక్కడ ఒకప్పుడు సముద్రం ఉండె. ఈ బండ దాని అడుగు" అన్నాడు. అవ్వ సముద్రం చూడలేదు. కాగ్నా వాగు వానాకాలం నిండుగా పారితే అదే ఆమెకు మహా సముద్రం. "ఎప్పుడు?" అంది. "లెక్క పెట్టలేనంత కింద." "మరి ఎటు పాయె?" "భూమి మెల్లగ మారుతది అవ్వా. మనిషికి తెల్వనంత మెల్లగ." అవ్వ ఆ రోజు నుంచి ఆ బండ మీద ఉమ్మనివ్వలేదు.

బడులు తెరిచాక ఆయన తెలుగు కాస్త కదిలింది గాని కొన్ని పాఠాల దగ్గర ఆగిపోయేది. ఎక్కువ బాధ పెట్టింది చంద్రుడి పాఠం. చంద్రుడు తన చుట్టూ తాను తిరుగుతాడు, మన చుట్టూ కూడా తిరుగుతాడు, అయినా మనకు ఎప్పుడూ ఒకే పక్క కనిపిస్తుంది. ఇది ఆయన మూడు రోజులు చెప్పినా మాలో ఒక్కరికీ ఎక్కలేదు. తిరిగితే వెనక పక్క కనపడాలి కదా అని మా పట్టు. బతుకమ్మ పండుగ అయిన మరునాడు ఆయన మా అరుగు మీద కూర్చుని ఇదే మొర పెట్టుకున్నాడు. చంద్రుడి మచ్చలో అవ్వకు కదురు పట్టుకున్న ముసలమ్మ కనిపించేది. "ఆ ముసల్ది ఎప్పుడూ మనకే ఎందుకు కనిపిస్తది, ఇది చెప్పనీకి వస్తలేదు" అన్నాడు సార్.

అవ్వ కదురు ఆపలేదు. "నిన్న మేం బతుకమ్మ ఆడితిమి. సుట్టు తిరుగుకుంట ఆమెకు ఈపు జూపుతమా? ఆమె దిక్కే మొకం వెట్టి తిరుగుతం. గట్లనే గాయన గూడ."

సార్ లేచి చెప్పులు విడిచి, వాకిట్లో ఉన్న విసుర్రాయి దగ్గరికి పోయాడు. దాని వైపే మొహం పెట్టి, చప్పట్లు కొడుతూ, షేర్వాణీ అంచులు ఊగుతుండగా మెల్లగా దాని చుట్టూ తిరిగాడు. నేను, అమ్మ నవ్వు ఆపుకోలేకపోయాం. ఆయన పట్టించుకోలేదు. నాలుగు చోట్ల ఆగి, ఎదురుగా ఏముందో పైకి చెప్పుకున్నాడు. దొడ్డి. తుమ్మచెట్టు. తలుపు. బాట. ఒక చుట్టు పూర్తయ్యేసరికి ఆయన నాలుగు దిక్కులూ చూశాడు, అంటే తన చుట్టూ తాను కూడా ఒకసారి తిరిగాడు. రాయికి మాత్రం ఆయన వీపు కనబడలేదు. వచ్చి అవ్వ ముందు కూర్చుని, "నేను ఇరవై ఏండ్లు ఇది కితాబ్ చూసి చెప్పిన. ఇయ్యాల సమజైంది" అన్నాడు. ఒక చదువుకున్న పెద్దమనిషి ఆ మాట అనడం నేను మొదటిసారి విన్నాను. నేను బోధనలో ఏమైనా నేర్చుకుని ఉంటే అక్కడే నేర్చుకున్నాను.

ఆ చలికాలం ఒక పొద్దుట సార్ వణుకుతూ వచ్చాడు. అవ్వ తను నేయించిన నల్ల గొంగడి తెచ్చి ఆయన భుజాల మీద వేసింది. కొంచెంసేపటికి వెచ్చబడ్డాడు. "గొంగడి వేడి ఇస్తదా అవ్వా?" అని అడిగాడు. "గొంగడిల యాడిది వేడి? నీ పెయ్యిల వేడి పోకుంట ఆపుతది, గంతే." ఆయన వెంటనే నోటుబుక్కు తీశాడు. మన ఒంటికి గొంగడి ఎట్లాగో భూమికి గాలి అట్లా అని, పగలు ఎండలో వచ్చిన వేడిని అది రాత్రికి కొంత దాచి ఉంచుతుందని చెప్పాడు. చంద్రుడికి గొంగడి లేదు. అందుకే అక్కడ ఎండ పడిన చోట మంట, నీడ పడిన చోట గడ్డ కట్టే చలి. అవ్వ జాలిపడింది. "పాపం, ఉత్త పెయ్యితోని తిరుగుతుండా" అంది. ఆ గొంగడి ఆమె మళ్లీ వెనక్కి తీసుకోలేదు.

తనిఖీకి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. బందరు వైపు ఆయన, తెల్లని పంచె, మర్యాద గల మనిషి. తరగతి వెనక కుర్చీ వేసుకుని, "కానివ్వండి మాస్టారూ" అన్నాడు. సార్ పుస్తకం తెరిచి ఉపగ్రహం అన్నాడు, పరిభ్రమణం అనబోయి నాలుక మడత పడి ఆగిపోయాడు. మళ్లీ అన్నాడు, మళ్లీ ఆగాడు. ఆ చలికాలం పొద్దున కూడా నుదుటి మీద చెమట. మేమెవరం నవ్వలేదు. అప్పుడాయన పుస్తకం మూసి బల్ల మీద పెట్టాడు. మంచినీళ్ల కుండ తెచ్చి గది మధ్యలో పెట్టి, "ఇది మనం ఉన్న లోకం. మల్లమ్మా, నువ్వు చంద్రుడు. బతుకమ్మ ఆడు" అన్నాడు.

నేను చప్పట్లు కొడుతూ కుండ చుట్టూ తిరిగాను. ఇన్‌స్పెక్టర్ ముందుకు వంగి అడిగాడు. "ఈ అమ్మాయి కుండ చుట్టూ తిరిగింది, బాగానే ఉంది. తన చుట్టూ తాను తిరగలేదు కదా?"

సార్ నా వైపు చూశాడు. నాకు వచ్చింది మా ఇంటి తెలుగు ఒక్కటే. ఇన్‌స్పెక్టర్ తెలుగు వింటుంటే మాది నోట్లోంచి తీయాలంటేనే సిగ్గుగా ఉంది. నా మోటు మాట వల్ల సార్ నౌకరీ పోతుందేమోనని భయం వేసింది. అయినా చెప్పాను. "తిరిగిన సార్. మొదలు నా మొకం బోర్డు దిక్కుండె. ఎనుక తలుపు దిక్కాయె, ఎనుక మీ దిక్కాయె, ఎనుక కిటికి దిక్కాయె. నాలుగు దిక్కులు సూస్తి. కుండనే నా ఈపు సూడలె."

ఇన్‌స్పెక్టర్ కుర్చీలోనే తల అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తర్వాత చిన్నగా నవ్వి కాగితం మీద ఏదో రాశాడు. ఆయన వెళ్లాక హెడ్మాస్టరు ఆ కాగితం సార్‌కు చదివి వినిపించాడు. భాష మోటు, విషయం మాత్రం పిల్లలకు చేరింది అని ఉందట. పాఠం గట్టెక్కింది. రాత పరీక్షకు ఆరు నెలల గడువు దొరికింది.

గడువు దొరికింది గాని ఆయనకు ఒక్క తెలుగు అక్షరం రాయడం రాదు. పెద్దవాళ్ల దగ్గర కూర్చుని అ ఆలు దిద్దాలంటే నామోషీ. ఆ ఆదివారం మా ఇంటికి వచ్చి, మందకు నీళ్లు పెడుతున్న నాయన ముందు నిలబడ్డాడు.

"మల్లమ్మను ఐదు అయినంక బడి మాన్పిస్తనన్నవట. ఆరు నెలలు ఆపు. నాకు అక్షరాలు నేర్పాలె."

నాయన అర్థం కాక చూశాడు. "పిల్ల నీకు సదువు చెప్పుడేంది సారూ?"

"నాకు రాదు, ఆ పిల్లకు వస్తది. గంతే."

నాయన తొట్టి వైపు తిరిగాడు. అరుగు మీద నుంచి అవ్వ అంది. "ఆరు నెలల్ల మంద సావదు తియ్యి. ఆ మనిషి కొలువు పోతె పెండ్లాం పిల్లలు పరేషాన్ అయితరు." నాయన ఊ అనలేదు, ఊహూ అనలేదు. మా ఇంట్లో అది ఒప్పుకున్నట్టే.

వాకిట్లో నున్నటి బండ ఒకటి మా పలక. సార్ సుద్దముక్క పట్టుకుని ఎప్పుడూ కుడి చివర మొదలు పెట్టేవాడు. నలభై ఏళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే అటు పోయేది. నేను ఆయన మణికట్టు పట్టుకుని ఎడమ వైపుకు లాగేదాన్ని. "ఇటుకెల్లి సార్." ఆయన బుద్ధిగా "అచ్ఛా, ఇటుకెల్లి" అనేవాడు. ణకూ నకూ తేడా ఆయన నోటికి పట్టుబడలేదు. ళ అంటే తల పట్టుకునేవాడు. తప్పు రాస్తే నేను అరచేత్తో తుడిచి మళ్లీ రాయమనేదాన్ని. కొట్టలేదు, తిట్టలేదు, ఎందుకంటే ఆయన మమ్మల్ని ఎన్నడూ కొట్టలేదు. నాయన మంద నుంచి వచ్చి తలపాగా విప్పి, గొంగడి మీద కూర్చుని, తన పదేళ్ల బిడ్డ సర్కారు సార్ చేత దిద్దించడం రోజూ చూసేవాడు. మొదట్లో నవ్వు వచ్చేది కాబోలు, మొహం పక్కకు తిప్పుకునేవాడు. పోను పోను నవ్వడం మానేశాడు. ఒక సాయంత్రం, అప్పటిదాకా నా చదువు గురించి ఒక్క మాట అడగని మనిషి, బండ మీది అక్షరాలను వేలితో చూపి, "గిండ్ల నా పేరు యాడ ఉంటది?" అని అడిగాడు. రాసి చూపాను. చాలాసేపు చూశాడు. ఆ రాత్రి వాన వచ్చి అది పోయింది. పొద్దున మళ్లీ రాయమన్నాడు.

సార్ పరీక్ష గట్టెక్కాడు. ఆ కబురు చెప్పడానికి వచ్చినప్పుడు అవ్వ కాళ్లకు దండం పెట్టబోతే ఆమె వెనక్కి జరిగింది. "నేనేం జేస్తిని, వచ్చిన మాటలు చెప్తిని" అంది. సార్ నన్ను దగ్గరికి పిలిచి, వికారాబాద్‌లో ఆడపిల్లలకు హాస్టల్ ఉందని, అక్కడ చదివిస్తే టీచర్ అవుతుందని నాయనతో చెప్పాడు. నాయన వచ్చే సంతకు పోయి రేకు పెట్టె ఒకటి కొని భుజాన పెట్టుకుని వచ్చాడు. అది నా కోసమని కూడా నోరు తెరిచి చెప్పలేదు. మంచం కింద పెట్టి, "తాళం చెవి పారేస్తవు, జాగ్రత" అన్నాడు. నేను ఆ పెట్టెతో రైలెక్కాను. స్టేషన్లో నాయన, అవ్వ, సార్ ముగ్గురూ వరసగా నిలబడ్డారు. తర్వాత నేను ఇంక ఎప్పుడూ కుంటలేదు.

వికారాబాద్‌లో చదువుకున్నాను, ఇక్కడే టీచర్‌నయ్యాను, ఇక్కడే పిల్లలకు భూగోళం చెబుతూ ముసలిదాన్నయ్యాను. ఆ రోజులన్నీ బంగారమని నేను అనను. కరువు అప్పుడూ ఉంది. ఒక కరువులో మా మంద సగం పోయిందని, ఆ ఏడు అవ్వ ఉన్ని ముట్టలేదని నాయన చెప్పేవాడు. సార్ కూడా అవ్వ పాత రోజుల వానల సంగతి ఎత్తినప్పుడల్లా, "యాదిల ఉన్నది సాక్ష్యం గాదు అవ్వా, రాసి పెట్టాలె, ఏండ్లకు ఏండ్లు" అనేవాడు. ఒక్కనాటి వానకు మౌసం అని, ఏళ్ల తరబడి ఉండే తీరుకు ఆబోహవా అని ఆయన వేరు చేసి చెబితే, అవ్వ, "ఒకనాడు కోపమొస్తె అది కోపం, ఎప్పటికి గట్లనే ఉంటె అది గుణం. గదే గద" అంది. మా బడి పుస్తకంలో ఒక పేజీ నిండా ఉన్న సంగతి అది.

ఇప్పుడు మారుతున్నది గుణమే. నా యాదిని నమ్మి అనడం లేదు, కొలిచి రాసి పెట్టినవాళ్లూ అదే చెబుతున్నారు. మా తమ్ముడి కొడుకు తాండూరు దగ్గర కందులు వేస్తాడు. పోయిన ఏడాది మిరుగం, అంటే మృగశిర కార్తె, వాన లేక ఉత్తగా పోయింది, ఆరుద్ర సగం పోయింది. తర్వాత ఒక్క మధ్యాహ్నం కుండపోతగా కురిసి విత్తనం మన్నుతో సహా కొట్టుకుపోయింది. మళ్లీ విత్తాడు. ఫోన్ చేసి, "అత్తా, మీ అవ్వ ఉంటె ఏం చెప్తుండెనో" అన్నాడు. ఏం చెప్పేదో నాకూ తెలియదు. నేను తెలిసింది చెప్పాను. బొగ్గు, పెట్రోలు కాల్చిన పొగ పోయి పోయి, లోకం కప్పుకున్న గొంగడి దళసరి అవుతోందని, లోపల వేడి బయటికి పోవడం లేదని. మా వాకిటి బండ సముద్రం అడుగు నుంచి నేల కావడానికి లెక్కలేనంత కాలం పట్టింది. ఈ మార్పు నా ఒక్క జీవితంలో, నా కళ్ల ముందు జరిగింది. "మరి ఏం జేద్దాం?" అన్నాడు. చేయవలసింది చాలా ఉంది, అందరూ చేయవలసింది. చేనులో మట్టి పోకుండా గట్లు వేయమన్నాను, వాన పడ్డ రోజులు రాసి పెట్టమన్నాను. రాస్తున్నాడు. నెలకోసారి నాకు ఫోన్లో చదివి వినిపిస్తాడు. చదువుతుంటే కోపం రాదు నాకు, బాధ ఉన్నా. ఈ సంగతి అర్థం చేసుకునే తెలివి నాకు ఎవరెవరి చేతుల మీదుగా వచ్చిందో తలుచుకుంటాను.

నేను టీచర్‌గా చేరిన కొన్నేళ్లకు, ఒక వానాకాలం, మనుషులు చంద్రుడి మీద దిగారని రేడియోలో చెప్పారు. వారం తిరగకుండా తాండూరు నుంచి ఒక కార్డు వచ్చింది. జలీల్ సార్ చేతిరాత, అక్షరాలన్నీ కుడి వైపుకు పరుగెత్తుతున్నట్టు వంగి ఉంటాయి. "మల్లమ్మకు దీవెనలు. మిరుగంల వాన పడ్డది. కందులు మొలిచినయి. మీ నాయన మంచిగున్నడు. మీ అవ్వకు ఇప్పుడు కండ్లు కనిపిస్తలేవు. చంద్రుని మీద మనుషులు దిగిండ్రని నేనే పోయి చెప్పిన. అక్కడ గడ్డి ఉన్నదా అని అడిగింది. లేదన్న. నీళ్లు ఉన్నయా అన్నది. లేవన్న. జరసేపు ఆలోచన చేసి, అయితే ఫికర్ లేదు, మళ్ల ఇంటికే వస్తరు అన్నది."

ఆ రోజు మొదటి గంట నాకు ఏడో తరగతితో భూగోళం. పుస్తకం తెరవకుండా పిల్లలకు ముందు ఆ కార్డు చదివి వినిపించాను. మోమిన్‌పేట నుంచి వచ్చే పిల్ల ఒకతి ముందు వరసలోంచి లేచి అడిగింది.

"మరి వచ్చిన్రా టీచర్?"

"వచ్చిన్రు" అన్నాను.